రోడ్డు పని సూత్రాలు: టీకా తాత్పర్య సహితం

అవతారిక

గ్రంథం మొదట్లోనే నాలుగు సంగతులు తేల్చి చెప్పడం మన వ్యాఖ్యాతల మర్యాద: విషయం ఏమిటి, ప్రయోజనం ఏమిటి, చదవదగిన అధికారి ఎవరు, వీటి మధ్య సంబంధం ఏమిటి. దీన్నే అనుబంధ చతుష్టయం అంటారు. ఇక్కడ వ్యాఖ్యానానికి తీసుకున్న గ్రంథం తాటాకుల మీద లేదు, ఏ లిఖిత పుస్తక భాండాగారంలోనూ దొరకదు. రోడ్డు పక్కన ఇనప కాళ్ళ మీద నిలబడి ఉంటుంది. గట్టిగా గాలి వీస్తే బోర్లా పడుతుంది. రెండు వరుసల రోడ్డులో ఒక సగాన్ని తవ్వి, మిగతా సగంలోంచి రెండు వైపుల బళ్ళనూ వంతులవారీగా పంపేటప్పుడు, పనికి చాలా ముందుగా పెట్టవలసిన హెచ్చరిక బోర్డులే ఆ గ్రంథం. విషయం ఒకే వరుస దారి. ప్రయోజనం ప్రాణరక్షణ. అధికారి స్టీరింగు పట్టినవాడు. అతనికి గురుశుశ్రూష, వ్యాకరణ పాండిత్యం ఏమీ అక్కర్లేదు, గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంతో పోతూ చదవగలిగితే చాలు. ఇక సంబంధమంటే, బోర్డు చెప్పేదానికీ రోడ్డు మీద నిజంగా ఉన్నదానికీ పొంతన. మొదటి మూడూ ఎక్కడైనా దొరుకుతాయి. దొరకనిది నాలుగోదే కనుక ఈ వ్యాఖ్య బరువంతా దాని మీదే.

ఇంత చిన్న గ్రంథానికి ఇంత ఆర్భాటమా అని శంక రావచ్చు. మెదక్ ప్రాంతపు కొల్చారం వాడని చెప్పుకునే కోలాచల మల్లినాథసూరి కాళిదాసుకు టీక రాస్తూ, ఆధారం లేనిదేదీ రాయననీ అక్కర లేనిదేదీ చెప్పననీ మాట ఇచ్చాడు. కావ్యవ్యాఖ్యకు పెట్టుకున్న ఆ కట్టుబాటు రోడ్డు బోర్డుకు ఇంకా గట్టిగా కావాలి. కావ్యానికి తప్పు అర్థం చెబితే సహృదయుడు నొచ్చుకుంటాడు, మరో టీక వెతుక్కుంటాడు. రోడ్డుకు తప్పు అర్థం చెబితే చదువరికి రెండో టీక చదివే అవకాశం ఉండదు.

మూలం

ముందు రోడ్డు పని జరుగుచున్నది.
ముందు ఒకే వరుస దారి.
ముందు జెండా మనిషి. ఆగుటకు సిద్ధముగా నుండుము.

ఇవి మూడు బోర్డులు, మూడు సూత్రాలు. ఈ క్రమం లోకంలో చాలా చోట్ల స్థిరపడ్డదే. 1935లో తొలి కూర్పు, 2023లో పదకొండో కూర్పు వెలువడిన అమెరికా జాతీయ ట్రాఫిక్ మాన్యువల్ ఇదే వరుసలో, నారింజ రంగు పలకల మీద నల్ల అక్షరాలతో, ఈ మూడింటినీ పెట్టమంటుంది. మన దేశంలో 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రోడ్డు పనుల చోట ట్రాఫిక్ నడిపే పద్ధతుల కోసమే ‘ఎస్పీ 55’ అనే ప్రత్యేక గ్రంథం ప్రకటించింది. పని దగ్గరికి రాకముందే హెచ్చరిక మొదలవ్వాలన్నది అందులోనూ మొదటి మాట. కాబట్టి మనకు శాస్త్రం లేదనడం కుదరదు. ఉన్న చిక్కు పాఠాంతరాలతో. కొన్ని ప్రతుల్లో బోర్డుకు బదులు విరిచి పడేసిన తుమ్మ కొమ్మ కనిపిస్తుంది. కొన్నింట్లో సున్నం పూసిన రాళ్ళు, కొన్నింట్లో తారు డ్రమ్ములు, ఇసుక బస్తాలు, రెండు కర్రల మధ్య రెపరెపలాడే ఎరుపు తెలుపు రిబ్బను. ఇవన్నీ ‘ఇక్కడ ఏదో ఉంది’ అని మాత్రమే చెబుతాయి, అదీ అక్కడికి చేరుకున్నాక. ‘ముందు’ అనే మొదటి పదమే వీటిలో లోపించింది కనుక ఈ పాఠాలు గ్రాహ్యం కావు.

ప్రతిపదార్థం

ముందు = బోర్డు ఉన్న చోట కాదు, చూపు ఇంకా చేరని చోట; రోడ్డు పని = తవ్వకం, కంకర, రోలరు, వాటి పక్కన వంగి పనిచేస్తున్న మనుషులు; జరుగుచున్నది = నిన్న జరిగినదీ రేపు జరగబోయేదీ కాక, ఈ క్షణాన నడుస్తున్నది; ఒకే వరుస దారి = రెండు దిక్కుల వారికీ కలిపి మిగిలినది ఒక్కటే; జెండా మనిషి = వంతు ఎవరిదో చెప్పే అధికారం గలవాడు; ఆగుటకు సిద్ధముగా = ఆగాక కాదు, ఆగక ముందే కాలు బ్రేకు మీదికి చేర్చి; నుండుము = విధి, అనగా సలహా కాదు. ‘ఒకే వరుస’ అన్నది అలంకారం కోసం వేసిన మాట కాదని కొలతలు చెబుతాయి. మన ప్రమాణాల ప్రకారం రెండు వరుసల రోడ్డు వెడల్పు ఏడు మీటర్లు. సగం మూస్తే మిగిలేది మూడున్నర. లారీకి చట్టం అనుమతించే వెడల్పు 2.6 మీటర్లు. ఎదురుబదురుగా రెండు లారీలకు 5.2 మీటర్లు కావాలి. సర్దుకుపోదామన్నా సర్దుకోవడానికి చోటు లేదు. అరవై వేగంతో వచ్చే రెండు బళ్ళు ఆ సగం రోడ్డులోకి రెండు కొసల నుంచీ దిగితే, అర కిలోమీటరు ఎడం పదిహేను సెకన్లలో హరించిపోతుంది.

టీక

ఒక వాక్యం అర్థమివ్వాలంటే మూడు గుణాలు కావాలని తార్కికులు చెప్పారు: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. అన్నంభట్టు తర్కసంగ్రహం చదివిన విద్యార్థికి ఇవి కొట్టిన పిండి. ఒక పదం వినగానే తరువాతి పదం కోసం మనసు ఎదురుచూడడం ఆకాంక్ష. చెప్పిన అర్థం లోకంలో పొసగడం యోగ్యత. పదాలు జాగు లేకుండా ఒకదాని వెంట ఒకటి రావడం సన్నిధి. ఈ వ్యాఖ్య ప్రతిపాదించే సిద్ధాంతం ఇది: హెచ్చరిక బోర్డులు విడివిడి రేకులు కావు, రోడ్డు పొడవునా పరిచిన ఒకే వాక్యం. మూడు గుణాల్లో ఏ ఒక్కటి తప్పినా అది వాక్యమే కాదు. వాక్యమే కానప్పుడు డ్రైవరు వినలేదని నింద వేయడం చెల్లదు. చెప్పవలసినవాడు చెప్పనే లేదు కనుక.

మొదట ఆకాంక్ష. ‘ముందు రోడ్డు పని’ అన్న తొలి సూత్రం చదవగానే యాక్సిలరేటరు మీది కాలు కాస్త వదులవుతుంది, మనసులో ప్రశ్న పుడుతుంది: ఏ పని, ఏ పక్క, దారి ఉందా లేదా? రెండో సూత్రం దానికి జవాబిస్తూ మరో ప్రశ్న లేపుతుంది: ఒకే వరుసైతే వంతు ఎవరిది? మూడో సూత్రం ఆ వంతు తేల్చే మనిషిని చూపి, చేయవలసిన పని చెప్పి ముగిస్తుంది. సామాన్యం నుంచి విశేషానికి, విశేషం నుంచి విధికి నడిచే ఈ వరుసను తిరగేస్తే అర్థం చెడుతుంది. ముందు మాటేమీ లేకుండా మలుపులో హఠాత్తుగా ఎర్ర జెండా ఊపే మనిషి ఎదురైతే, అతడు ఆపుతున్నాడో, చందా అడుగుతున్నాడో, ఊరేగింపు వస్తోందని చెబుతున్నాడో ఊహించుకోవడానికే రెండు సెకన్లు పోతాయి. అలాగే మొదటి బోర్డు ఒక్కటే పెట్టి మిగతావి మానేస్తే డ్రైవరు కొంతదూరం నెమ్మదిగా వెళ్ళి, ఏమీ కనబడక, మళ్ళీ వేగం అందుకుంటాడు. సరిగ్గా అప్పుడే పని ఎదురవుతుంది. అసంపూర్తి వాక్యం మౌనం కంటే ప్రమాదం. శాస్త్రంలో హెచ్చరిక భాగం, మళ్ళింపు భాగం, పని భాగం తరువాత ముగింపు భాగమూ ఉంది. పని అయిపోయిందని చెప్పే బోర్డు ఆ చివర ఉంటేనే మధ్యలో ఎవరూ తమకు తామే పని అయిపోయిందని తీర్మానించుకోరు.

ఇక సన్నిధి. పొద్దున ‘ఆవును’ అని, సాయంత్రం ‘తోలుకురా’ అంటే విన్నవాడికి ఏమీ బోధపడదని తార్కికులు ఉదాహరణ ఇస్తారు. రోడ్డు మీద పొద్దుటికీ సాయంత్రానికీ బదులు మీటర్లు ఉంటాయి, అవి వేగాన్ని బట్టి సెకన్లుగా మారతాయి. గంటకు ఎనభై కిలోమీటర్లంటే సెకనుకు ఇరవై రెండు మీటర్లు. ఆ వేగంలో అడ్డంకిని చూసి, గ్రహించి, బ్రేకు వేసి ఆగడానికి 120 మీటర్లు కావాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క; వంద కిలోమీటర్ల వేగంలోనైతే 180. ఇందులో గ్రహించి కాలు కదపడానికే రెండున్నర సెకన్లు ఇచ్చారు. అది బండి నిలిచే దూరం మాత్రమే. చదివి అర్థం చేసుకుని, వెనకాలవాడు గుద్దకుండా నెమ్మదించే దూరం దానికి అదనం. అందుకే అమెరికా మాన్యువల్ పల్లె రోడ్ల మీద బోర్డుకూ బోర్డుకూ 500 అడుగులు, అంటే సుమారు 150 మీటర్లు విడిచిపెడుతుంది. ఎనభై వేగంతో వచ్చేవాడికి ఏడు సెకన్లకో మాట, మొత్తం వాక్యానికి ఇరవై సెకన్లు. వేగం తక్కువగా ఉండే ఊరి వీధుల్లో అదే దూరాన్ని వంద అడుగులకు కుదిస్తుంది. ఎక్స్‌ప్రెస్ దారుల మీద తొలి బోర్డును దాదాపు కిలోమీటరున్నర ముందుకు జరుపుతుంది. కొలత మారినా చదివేవాడికి దక్కే వ్యవధి నిలవాలన్నదే అందులోని నియమం. దగ్గరగా పెడితే వాక్యం గుక్కతిప్పుకోనివ్వదు, మరీ దూరంగా పెడితే మొదటి మాట మరపుకొస్తుంది. రెండూ సన్నిధి భంగాలే.

సన్నిధిలో మరో సూక్ష్మం ఉంది. చాలామంది కాంట్రాక్టర్లు పప్పులో కాలేసేది ఇక్కడే. దూరాన్ని ఎక్కడి నుంచి కొలవాలి? పని ఉన్న చోటు నుంచి అన్నది స్థూలమైన జవాబు. ఒకే వరుస దారిలో ప్రమాదం తవ్వకం దగ్గర కాదు, ఆగిన బళ్ళ వరుస తోక దగ్గర ఉంటుంది. ఒక వైపు నుంచి గంటకు నాలుగు వందల బళ్ళు వస్తున్నాయనుకుందాం. ఎదుటి వైపును వదిలి, ఆ సగం దారి ఖాళీ అయ్యేదాకా ఇటువైపును మూడు నిమిషాలు ఆపితే ఇరవై బళ్ళు నిలుస్తాయి. లారీలూ బస్సులూ కార్లూ కలిపి బండికి పది మీటర్ల చొప్పున వేసుకున్నా వరుస రెండు వందల మీటర్లు. పనికి రెండు వందల మీటర్ల ముందు ఒక్క బోర్డు పెట్టి చేతులు దులుపుకున్న చోట, మూడో నిమిషానికల్లా ఆ బోర్డు వరుస తోక పక్కన నిలబడి ఉంటుంది. కొత్తగా వచ్చేవాడికి బోర్డూ, ఆగి ఉన్న లారీ వెనక భాగమూ ఒకేసారి దర్శనమిస్తాయి. వరుస ఎంతవరకు పెరగగలదో లెక్కవేసి, దానికి ఆవల బోర్డు పెట్టినప్పుడే ‘ముందు’ అన్న పదానికి అర్థం ఉంటుంది.

మూడోది యోగ్యత, అంటే నిజం. పని నెల క్రితమే ముగిసి, కొత్త తారు నిగనిగలాడుతూ ఉంటే, పక్కన ‘పని జరుగుచున్నది’ అన్న బోర్డు ఇంకా నిలబడి ఉంటుంది. కావ్యాల్లో దీన్ని ప్రక్షిప్తం అంటారు. మల్లినాథుడి లెక్కలో ఆధారం లేని రాత. ఒక్క రోడ్డుకు జరిగే నష్టంతో ఇది ఆగదు. అబద్ధం చెప్పిన బోర్డును పదిసార్లు దాటినవాడు పదకొండోసారి నిజం చెప్పే బోర్డును కూడా అదే లెక్కన దాటేస్తాడు. మాటకు ప్రామాణ్యం పలికినవాడి నమ్మకం మీద నిలుస్తుందన్నది శబ్దప్రమాణ చర్చలో తేలిన సంగతి. ఆప్తుడు చెబితేనే మాట ప్రమాణం. ఈ ఎరుకతోనే అమెరికా మాన్యువల్ కూడా, పని ఆగినప్పుడు వర్తించని బోర్డులను తీసేయాలనీ, కప్పేయాలనీ, లేదా కనబడకుండా తిప్పేయాలనీ ఆజ్ఞాపిస్తుంది. మధ్యాహ్నం భోజనానికి జెండా మనిషి వెళ్ళిపోతే ‘ముందు జెండా మనిషి’ అన్న బోర్డు ఆ గంటసేపూ అబద్ధమే. రాత్రి సంగతి దీనికి తోడు. రేడియం అంటించని బోర్డు చీకట్లో ఉన్నా లేనట్టే. చదవలేని గ్రంథానికి అర్థం ఎంత గొప్పదైనా ఫలితం శూన్యం.

పూర్వపక్షాలు, సమాధానాలు

ప్రత్యక్షవాది ఇలా ఆక్షేపిస్తాడు: కళ్ళున్న డ్రైవరుకు రోలరు కనబడుతుంది, కంకర కుప్ప కనబడుతుంది, మనుషులు కనబడతారు, ప్రత్యక్షం ఉండగా శబ్దం దేనికి? ఈ వాదం తిన్నని రోడ్డు మీద, పట్టపగలు, ముందు మరో బండి లేనప్పుడు కొంత నిలుస్తుంది. మలుపు ఉన్నచోట, ఎత్తు ఎక్కి దిగేచోట, ఎదురుగా గడ్డి లోడు లారీ దారి కప్పేసినచోట ప్రత్యక్షం 120 మీటర్ల లోపలే మొదలవుతుంది, అంటే ఆలస్యంగా మొదలవుతుంది. పైగా కన్ను చూపేది వస్తువులను. వంతు ఎవరిదన్నది వస్తువు కాదు, నియమం. రోలరును ఎంత తేరిపార చూసినా, అవతలి కొస నుంచి ఒక బస్సు ఇప్పుడే బయల్దేరిందన్న సంగతి దాని ఒంటి మీద రాసి ఉండదు. కనబడనిదాన్ని తెలిపేది కాబట్టే శబ్దాన్ని వేరే ప్రమాణంగా ఒప్పుకున్నారు.

లోకాచారవాది వాదన మరో రకం: మన డ్రైవర్లు సమర్థులు, లైట్లు కొట్టి, హారన్ వేసి, చెయ్యి చూపి వాళ్ళే సర్దుకుంటారు. ఇందులో కొంత నిజం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. బ్రిటన్ పనివారి నియమావళిలో డ్రైవర్లే ఒకరికొకరు దారి ఇచ్చుకునే పద్ధతికి అధికారికంగానే చోటుంది. అయితే దానికి హద్దులు గీశారు: మూసిన భాగం యాభై మీటర్లు మించకూడదు, వేగ పరిమితి గంటకు ముప్పై మైళ్ళలోపు ఉండాలి, మూడు నిమిషాల్లో రెండు వైపులా కలిపి వచ్చే బళ్ళు ఇరవైకి లోపు ఉండాలి, అవతలి కొస కనబడాలి. అక్కడ కూడా ముందస్తు హెచ్చరిక బోర్డులు మానమని ఎవరూ అనలేదు. మర్యాద పనిచేసేది ఇద్దరూ ఒకరినొకరు చూసుకోగలిగినప్పుడు. అర కిలోమీటరు పొడవున్న సగం రోడ్డుకు ఆ న్యాయాన్ని చాపితే, మధ్యలో రెండు బస్సులు ముఖాముఖీ నిలిచి, వెనక్కి పోవలసినది ఎవరన్న మీమాంస సాయంత్రం దాకా సాగుతుంది. లైట్లు కొట్టడమనే సంకేతానికి ‘నువ్వు రా’ అనీ ‘నేను వస్తున్నా, ఆగు’ అనీ రెండు విరుద్ధార్థాలు ఉండటం ఆ మీమాంసకు ఆజ్యం పోస్తుంది.

మూడో ఆక్షేపణ: రెండు కొసలా జెండా మనుషులు ఉంటే చాలదా, బోర్డుల ఖర్చెందుకు? జెండా మనిషి వాక్యంలో చివరి క్రియాపదం. అతన్ని చూడగలిగేది వరుసలో మొదటి బండి మాత్రమే. ఇరవయ్యో బండి తరువాత వచ్చేవాడికి అతడు కనబడడు, అతని జెండా కూడా కనబడదు. ముందుగా బోర్డు లేనిచోట వేగంగా వచ్చే బండికి, పనివారికి మధ్య ఉన్న ఏకైక అడ్డు అతని శరీరమే. రోజుకూలీ మనిషిని బోర్డుకు బదులుగా నిలబెట్టడం పొదుపు కాదు, అన్యాయం. పైగా ఇద్దరు జెండా మనుషుల మధ్య కూడా మాట నడవాలి. ఒకరికొకరు కనబడనప్పుడు వాకీటాకీ ఉండాలి. అదీ లేని చిన్న దూరాలకు అమెరికా మాన్యువల్ ఒక ముచ్చటైన ఉపాయం చెబుతుంది: ఒక వైపు నుంచి వదిలిన చివరి బండి డ్రైవరుకు ఎర్ర జెండా చేతికిచ్చి పంపుతారు, అది అవతలి కొసలోని మనిషికి చేరాకే అతడు తన వైపును వదులుతాడు. సింగిల్ లైను మీద రైళ్ళు టోకెను మార్చుకున్న తర్కమే ఇది. దూరం ఒక మైలుకు మించితే ఈ పద్ధతి సాధారణంగా వద్దని కూడా అక్కడే చెప్పారు.

చివరగా నిరాశావాది: ఎన్ని బోర్డులు పెట్టినా మనవాళ్ళు చదవరు, చదివినా పాటించరు, చదువురాని డ్రైవర్లూ, తెలుగు రాని పరరాష్ట్రపు లారీలవాళ్ళూ ఉండనే ఉన్నారు. భాష చిక్కు ఎప్పుడో తీరింది. ఎర్ర అంచు త్రికోణంలో పార పట్టిన మనిషి బొమ్మ పంజాబు డ్రైవరుకూ పలాస డ్రైవరుకూ ఒకటే చెబుతుంది. బొమ్మ ముందు, అక్షరం తోడు. పాటించరన్న మాటకు జవాబు యోగ్యత దగ్గరే చెప్పాం: పాటించకపోవడం చాలా వరకు అబద్ధపు బోర్డులు నేర్పిన చదువు. అందుకు మందు మరిన్ని బోర్డులు కాదు, నిజం చెప్పే బోర్డులు. మొండిగా పాటించనివాడు ఎప్పుడూ కొందరిలో ఒకడు ఉంటాడు, అతని కోసం చలానా ఉంది. అతన్ని చూపించి మిగతా అందరికీ హెచ్చరిక ఎగ్గొట్టడం మాత్రం ఏ శాస్త్రమూ ఒప్పదు.

తాత్పర్యం

హెచ్చరిక బోర్డు పెట్టడమంటే బిల్లులో ఒక పద్దు కింద టిక్కు కొట్టడం కాదు, ఎదుటివాడికి సమయానికి నిజం చెప్పడం. వరుసగా చెప్పాలి, వేగానికి తగిన ఎడంతో చెప్పాలి, నిజమైనంత సేపే చెప్పాలి. ఈ మూడూ జరిగాకనే వినలేదన్న నింద డ్రైవరు మీదికి వెళ్ళగలదు. మన చట్టం కూడా ఈ దిక్కుకే తిరిగింది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 198ఎ సెక్షన్, రోడ్డు నిర్మాణంలోనూ నిర్వహణలోనూ భద్రతా ప్రమాణాలు పాటించని అధికారులకూ కాంట్రాక్టర్లకూ, దానివల్ల మరణమో అంగవైకల్యమో కలిగినప్పుడు, లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చంటుంది. తీర్పు చెప్పేటప్పుడు కోర్టు చూడవలసిన సంగతుల్లో అక్కడ ఏ హెచ్చరిక బోర్డులు పెట్టారన్నదీ ఒకటి. రోడ్లు తవ్వే ఇంజినీర్లకూ కాంట్రాక్టర్లకూ కాబట్టి ఒక మనవి: పొద్దున గునపం దించే ముందు, పనికి వచ్చే దారిలో రెండు దిక్కులా అర కిలోమీటరు వెనక్కి వెళ్ళి, అక్కడి నుంచి బండిలో మీ పని వైపే రండి. మీకు అర్థమైన చోటే బోర్డు ఉందో లేదో చూడండి. సాయంత్రం గునపంతో పాటు బోర్డునూ ఇంటికి తీసుకుపోండి. రాత్రికి గుంత అలాగే ఉంటే మాత్రం బోర్డును దీపంతో సహా అక్కడే ఉంచండి.